జడ్జి కొడుకులు

నెబ్రాస్కా ఇసుక గుట్టల్లో రీంకే వాళ్ళ పశువుల కొట్టం, మార్చి నెల ఉదయం. కోడె తలను బిగించే ఇనుప బోను ముందు డెల్మర్ రీంకే, పక్కన పుస్తకం పట్టుకుని అతని భార్య ఆర్లిస్, కోడె వెనక కొలత టేపుతో ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మ సిగ్రిడ్.

“ఇరవై మూడు.”

“సరిగా చుట్టారా డాక్టరమ్మా? చలికి వేళ్ళు కొంకర్లు పోయుంటాయి.”

“రెండుసార్లు చుట్టాను డెల్మర్ గారూ. ఇరవై మూడు సెంటీమీటర్లే. నమ్మకం లేకపోతే మీరే వచ్చి పట్టుకోండి, నేను తల దగ్గర నిలబడతాను.”

“వద్దులెండి. అది నన్నెరుగును, సిగ్గుపడుతుంది. ఆర్లిస్, రాశావా?”

“రాశాను.”

“చదువు.”

“రాశానన్నాను కదా, మళ్ళీ చదవడమెందుకు?”

“చదువు ఒకసారి. పైకి.”

“నాలుగో కోడె, ఇరవై మూడు. చాలా?”

“ముందు మూడూ?”

“ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై రెండు. తారీఖు కూడా చదవనా? వారం చదవనా?”

“ఎంతుండాలి డాక్టరమ్మా? నాకు తెలుసనుకోండి. మీ నోటితో చెప్పండి.”

“పదమూడు నెలల కోడెకి విత్తుల సంచి చుట్టుకొలత ముప్పై ఉండాలి. ఎనిమిదో నెలో తొమ్మిదో నెలో వచ్చేసరికి ఇరవై ఎనిమిదికి చేరితేనే ఈడుకొచ్చింది అంటాం. వీటిని ముందు నుంచి చూస్తే మెడా మూపురమూ ఆంబోతుల్లా ఉన్నాయి. వెనక నుంచి చూస్తే ఇంకా తల్లి పొదుగు కింద ఉండాల్సినట్టున్నాయి.”

“వీర్యం చూస్తే తెలుస్తుందిగా. కొలతదేముంది, కొన్ని చిన్నవైనా పనిచేస్తాయి.”

“చూద్దాం. కరెంటు కడ్డీ పెడుతున్నాను, తల గట్టిగా బిగించండి. ఆర్లిస్ గారూ, ఆ గాజు పలక కోటు లోపల పెట్టుకున్నారా? వెచ్చగా ఉండాలి. చల్లారితే ఉన్నవి కూడా చస్తాయి.”

“పెట్టుకున్నాను. ఇదిగో.”

“ఓహోహో, ఉండరా, ఉండు. అయిపోతుంది, ఒక్క నిమిషం. వీడి కేకకి గుట్టలవతల హార్లన్ వాళ్ళ కుక్కలు కూడా లేచుంటాయి డాక్టరమ్మా. ఏమైంది, వచ్చిందా?”

“వచ్చింది. ఆగండి, మైక్రోస్కోపులో పెట్టనివ్వండి.”

“ఏముంది?”

“నీళ్ళు.”

“అంటే?”

“అంటే నీళ్ళే డెల్మర్ గారూ. ఒక్క ప్రాణీ కదలడం లేదు. కదలకుండా పడి ఉన్నవి కూడా లేవు. ముందు మూడింటిలోనూ ఇంతే. కోడెని వదలండి.”

“ఇంకా ఏడున్నాయి.”

“ఉన్నాయి. చూస్తాను. కానీ మీరు ఆశ పెట్టుకోకండి.”

“ఒక్కటి నిలబడితే చాలు నాకు. పదకొండులో ఒక్కటి.”

“చలి, డాక్టరమ్మా. జనవరిలో ఎట్లా పడింది చలి! సున్నాకి పాతిక డిగ్రీలు కిందికి పోయింది మూడు రాత్రులు. గాలికి అడ్డం కట్టిన పలకలు కూడా విరిగిపడ్డాయి. చలి కరిచి ఉంటుంది వాటికి. అంతకంటే ఏముంటుంది?”

“చలి కరిస్తే తెలుస్తుంది ఆర్లిస్ గారూ. సంచి అడుగున తోలు నల్లగా పెచ్చు కడుతుంది, పెచ్చు ఊడితే మచ్చ మిగులుతుంది. వీటికి తోలు పసిపాప బుగ్గలా ఉంది. పైగా చలి పాడు చేస్తుందే గానీ పెరగకుండా ఆపదు.”

“అయితే దాణా. ఈయనకి ఎన్నిసార్లు చెప్పానో, అంత మొక్కజొన్న పెట్టకు, పెట్టకు అని. కొవ్వు పట్టి ఉంటుంది.”

“కొవ్వు పడితే టేపుకి ఎక్కువొస్తుంది, తక్కువ రాదు. చేతికి మెత్తగా తగులుతుంది. వీటిల్లో కొవ్వూ లేదు, సరుకూ లేదు. ఐదోది తోలండి.”

“హే! హే! నడు. నడవరా. తల దూర్చు, అదీ.”

“ఇరవై రెండున్నర. రాసుకోండి ఆర్లిస్ గారూ. డెల్మర్ గారూ, దూడలప్పుడు వీటికి జబ్బు చేసిందా? తల్లిపాలు చాలలేదా? మొదటి ఆరు నెలల్లో కడుపు మాడితే ఇలా అవ్వచ్చు.”

“కడుపు మాడటమా! తల్లి నుంచి వేరు చేసిన రోజు తూకం చూస్తే మీరు నమ్మరు. ఒక్కొక్కటీ ఏడు వందల పౌన్లు. హార్లన్ వచ్చి కంచె మీద మోచేతులు పెట్టి అరగంట నిలబడ్డాడు. ఏప్రిల్ అమ్మకంలో మూడు నాకే అన్నాడు.”

“ఆయనకి ఫోన్ చేసి చెప్పండి. నా సంతకం లేకుండా విత్తనపు కోడెలని అమ్మడానికి లేదు, నేను సంతకం పెట్టను. వీటిని ఆయన మందలో వదిలితే వచ్చే ఏడు ఆయన ఆవులన్నీ వట్టి కడుపులే.”

“తెలుసు.”

“మరి తండ్రో? కొన్ని ఎద్దుల బిడ్డలు ఆలస్యంగా ఈడుకొస్తాయి. ఈ పదకొండూ ఒకే ఎద్దు బిడ్డలా?”

“ఒకే ఎద్దు. జడ్జి.”

“దాని కొలత ఎంత?”

“ఏడాదికే ముప్పై ఎనిమిది. మీకు ముందున్న డాక్టరు టేపు చుట్టి, ఈల వేశాడు.”

“అయితే తండ్రి తప్పూ కాదు. అదెక్కడుంది ఇప్పుడు? ఒకసారి చూస్తాను.”

“లేదు. నేనే కాల్చేశాను.”

“కాల్చేశారా? కాలు విరిగిందా?”

“కాలు విరగలేదు. ఆర్లిస్, డాక్టరమ్మ అడుగుతోంది.”

“నిన్ను అడుగుతోంది.”

“నువ్వు చెప్పు.”

“ఆరోది తోలు డెల్మర్. చలిలో ఆవిణ్ణి ఎంతసేపు నిలబెడతావు? లోపల రొట్టెలు వేడి మీద పెట్టొచ్చాను, మాడిపోతాయి.”

“మాడనీ.”

“నేను అడగకూడనిది ఏదైనా అడిగి ఉంటే—”

“లేదు డాక్టరమ్మా, మీరు అడగాల్సిందే అడిగారు. హే! నడు, నడు. వీడు మొండివాడు. ఇదిగో బిగించాను. వీడి చెవి ట్యాగు వేలాడుతోంది చూడండి, ఎడమ చెవిది. చీరుకుపోయేలా ఉంది. మీ చేతిలో పనే, ఒకసారి సరిచేద్దురూ.”

“ట్యాగుకి ఏమీ కాలేదే. బాగానే ఉంది.”

“చూడండి ఒకసారి. చేత్తో తడిమి చూడండి.”

“అదేం చెవి పట్టుకుని లాగడం! కోడె బెదిరిపోతోంది. డాక్టరమ్మా, మీరు వెనక పని చూసుకోండి, ట్యాగు సంగతి నేను చూసుకుంటాను.”

“ఆగండి ఆర్లిస్ గారూ. ఇదేమిటి?”

“ఏముంది, ముల్లు గుచ్చుకుని ఉంటుంది.”

“ముల్లు కాదు. తోలు కింద గట్టిగా తగులుతోంది. గింజలు గింజలుగా, వరసలో. డెల్మర్ గారూ, ముందు చూసిన ఐదూ ఎక్కడున్నాయి?”

“ఆ పక్క దొడ్లో.”

“ఒకదాన్ని మళ్ళీ తీసుకురండి. కాదు, రెండు తీసుకురండి.”

“ఎందుకు వాటిని మళ్ళీ మళ్ళీ హింస పెట్టడం? పనికిరావని తేలిపోయింది. కబేళాకి పోయే లారీకి ఫోన్ చేస్తే రేపు వచ్చి ఎక్కించుకుపోతుంది. అయిపోతుంది.”

“తీసుకొస్తాను డాక్టరమ్మా.”

“డెల్మర్!”

“తీసుకొస్తానన్నాను ఆర్లిస్. పుస్తకం పట్టుకో.”

“ఆర్లిస్ గారూ, మీకు చలేస్తున్నట్టుంది. ఇంట్లోకి వెళ్ళండి. పుస్తకం నేను రాసుకుంటాను.”

“నాకేమీ కాలేదు.”

“ఇదిగో మూడోది. ఐదోది దాని వెనకే ఉంది.”

“చెవి. ఎడమ చెవి. ఇదిగో, అక్కడే. ఒకే చోట. తరవాతది? దీనికీ అంతే. ఇవి ముళ్ళు కావు. కండ గుళికలు. కరిగిపోగా మిగిలిన గూళ్ళు ఇవి.”

“కండ గుళికలంటే, కోతకి పెంచే దూడలకి వేసేవి?”

“అవే. మీకు తెలియనిది కాదు డెల్మర్ గారూ. విత్తులు కొట్టేసిన దూడకి చెవి తోలు కింద వేస్తాం, తొందరగా కండ పడుతుంది. విత్తనానికి ఉంచుకునే దూడకి రెండు నెలల వయసులో వేస్తే, కండ పడుతుంది, కిందవి మాత్రం అక్కడే ఆగిపోతాయి. ఈడుకి రావాల్సిన వేళకి రావు. కత్తి పెట్టకుండానే కొట్టేసినట్టు. ఎవరో వీటికి, మందకి గుర్తు వాతలు వేసిన రోజున గుళికలు వేశారు.”

“వాతల రోజున.”

“ఆ రోజు చెవుల పని ఎవరు చూశారు?”

“అబ్బో, ఆ రోజు ఎంతమంది వచ్చారో! పక్క దొడ్లవాళ్ళంతా వచ్చారు. హార్లన్ వచ్చాడు, వాళ్ళ బావమరుదులు వచ్చారు. దుమ్ము, పొగ, అరుపులు. ఎవరి చేతిలో ఏ సూది ఉందో ఎవరు చూశారు?”

“ఆర్లిస్, మన దొడ్లో ఎవరి పని వాళ్ళదే. హార్లన్ తాడు వేస్తాడు. వాళ్ళ పెద్ద బావమరిది కత్తి పడతాడు. వాత నేను వేస్తాను. ఒకరి పని ఇంకొకరు ముట్టుకోరు. ఇరవై ఏడేళ్ళుగా అదే లెక్క.”

“పోయినేడు మాత్రం వాత నువ్వు వెయ్యలేదుగా, హార్లన్ తమ్ముడు వేశాడు. చూశావా, నీకే గుర్తు లేదు.”

“అది వేరు సంగతి. చెవుల పని ఎవరిది?”

“సరే. నాది. నాదే. డాక్టరమ్మా, రాసుకోండి, చెవుల పని ఆర్లిస్ రీంకేది. పొరపాటు జరిగిపోయింది. వయసు మీద పడింది, కళ్ళు సరిగా ఆనడం లేదు. విత్తనానికి ఉంచే దూడలకి ఎర్ర ట్యాగు వేస్తాం, ఎర్రది కనిపిస్తే వదిలెయ్యాలి. ఆ రోజు వదిలెయ్యడం మర్చిపోయాను. ఇక చాలా?”

“పదకొండుసార్లు మర్చిపోయారా?”

“పదకొండుసార్లే మర్చిపోయాను. అయితే?”

“ఏమీ లేదు. బాధపడకండి. ఇలాంటివి జరుగుతాయి. పోయిన నెలలో ఒకాయన ఆడదూడలన్నిటికీ రెండేసిసార్లు టీకా వేశాడు. కానీ ఆర్లిస్ గారూ—”

“మళ్ళీ ఏమిటి?”

“నిన్న మీ రెండో దొడ్లో కోడెల్ని చూశాను కదా, ఆరింటిని. పాత ఎర్ర ఎద్దు బిడ్డలని. ముప్పై రెండు, ముప్పై నాలుగు, ఒకటి ముప్పై ఆరు. ఆరూ బంగారంలా ఉన్నాయి. ఆరింటికీ సంతకం పెట్టాను. వాటికీ ఎర్ర ట్యాగులే కదా?”

“అయితే?”

“వాటికీ అదే రోజు వాతలు వేశారు. అదే దుమ్ములో, అదే పొగలో. అవే కళ్ళు. వాటిలో ఒక్కదానికీ గుళిక పడలేదు. జడ్జి బిడ్డలకి ఒక్కదానికీ తప్పలేదు. నేను కొత్తగా వచ్చినదాన్ని. మీ ఇంటి సంగతులు నాకు తెలియవు. చెప్పొద్దనుకుంటే చెప్పకండి. కాగితం మీద గుళికలు అని మాత్రం రాస్తాను, ఎవరు వేశారో రాయను.”

“రాయండి. రాయకపోతే నేను ఊరుకోను. ఆర్లిస్ రీంకే ఏరి ఏరి వేసిందని రాయండి. ట్యాగు నంబర్లు ముందు రోజే చీటీ మీద రాసి చేతి తొడుగులో పెట్టుకుందని రాయండి. డెల్మర్, అట్లా నా మొహం చూడకు.”

“చూడటం లేదు. చెప్పు.”

“ఏం చెప్పాలి? కొట్టించెయ్యమని అడిగానా లేదా నిన్ను? కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఏమన్నావు? దూడలేం పాపం చేశాయి అన్నావు. వాడు పెంచిన ఎద్దు బిడ్డలు, వాడి గుర్తుగా ఉంటాయి అన్నావు.”

“అన్నాను.”

“గుర్తు! నాకు గుర్తు కావాలా? నాకు కళ్ళు మూసుకుంటే చాలదూ?”

“ఎవరు పెంచిన ఎద్దు ఆర్లిస్ గారూ?”

“మా అబ్బాయి. మా... వెస్టన్. తల్లి చచ్చిన దూడని మంచులోంచి ఎత్తుకొచ్చి, నా వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి, సీసాతో పాలు పట్టాడు. పదిహేనేళ్ళు వాడికప్పుడు. మెడకి తాడు కట్టి జిల్లా సంతలో నడిపించాడు, మొదటి బహుమతి నీలం రిబ్బను తెచ్చాడు. అది పిలిస్తే వచ్చేది డాక్టరమ్మా. కుక్కలాగా. వెస్టన్ కేకేస్తే దొడ్డి ఆ చివర నుంచి వచ్చేది.”

“ఆర్లిస్.”

“ఆపకు. అడిగావుగా, చెప్పనీ. పోయినేడు జనవరిలో, పొద్దున, తొట్టిలో మంచు పగలగొట్టడానికి వెళ్ళాడు. గొడ్డలి తీసుకుని వెళ్ళాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పళ్ళెం కడుగుతున్నాను. వాడు దానికి వీపు తిప్పాడు. ఎందుకు తిప్పడు? సీసా పాలు పట్టినవాడు. అది తల వంచింది. ఆడుకుంటోందనుకున్నాను. నేను ఆడుకుంటోందనుకున్నాను డెల్మర్! నవ్వుకున్నాను కూడా. కంచెకి వేసి నొక్కేసరికి పళ్ళెం పడేసి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి, వెస్టన్... పందొమ్మిదేళ్ళవాడు డాక్టరమ్మా. అది పక్కనే నిలబడి వాడి టోపీ నాకుతోంది.”

“కూర్చోండి. ఇలా ఈ బాల్చీ మీద కూర్చోండి ఆర్లిస్ గారూ.”

“నేను కూర్చోను. ఆ నెత్తురు ఇంకో మందలోకి పోతే, ఇంకో ఇంట్లో ఇంకో పిల్లాడు సీసా పాలు పడితే! హార్లన్‌కి ముగ్గురు మనవలున్నారు. అందుకని వేశాను. ఒక్కొక్కదానికీ వేసి, తోలు మీద బొటనవేలు పెట్టి నొక్కి, గుళికలన్నీ పడ్డాయా లేదా అని చూసుకుని మరీ వదిలాను. తిట్టు డెల్మర్. కొట్టు. పాతికేళ్ళుగా కూడబెట్టిన మంద నెత్తురు ముంచేశాను. ఏదో ఒకటి అను!”

“ఏమనను?”

“మీకు కోపం రావడం లేదా డెల్మర్ గారూ? నేనైతే... మీరు ఆశ్చర్యపోలేదు కూడా. చెవి తడమమంది మీరే. ట్యాగు బాగానే ఉంది. అయినా తడమమన్నారు.”

“అన్నాను.”

“డెల్మర్, ఏమిటంటోంది ఈవిడ?”

“ఆ రోజు వాత నేను వెయ్యలేదని అన్నావుగా ఇందాక. దూడని పడదోసి కాళ్ళు పట్టే పని వెస్టన్‌ది. వాడి చోటు ఖాళీగా ఉంటే అందరూ చూస్తారని, వాత ఇనుము హార్లన్ తమ్ముడికి ఇచ్చి, నేను వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. నువ్వు చెవి దగ్గర, నేను కాళ్ళ దగ్గర. మన మధ్య ఒక దూడ దూరం ఆర్లిస్. మొదటి ఎర్ర ట్యాగుకి నువ్వు సూది గుచ్చినప్పుడే చూశాను.”

“చూశావా?”

“చూశాను. పదకొండింటినీ కదలకుండా పట్టుకున్నాను.”

“అయితే ఎందుకు ఆపలేదు మీరు? ఆపకపోయినా, మర్నాడే విత్తులు కొట్టించి కోతకి పంపేస్తే సరిపోయేది. ఏడాదంతా విత్తనపు కోడెల్లా మేపి, హార్లన్ గారికి ఆశ పెట్టి, నన్ను పిలిచి, ఈవిడ చేతికి పుస్తకం ఇచ్చి ఒక్కొక్క అంకె చదివించి... ఎందుకు?”

“ఒక్క గుళికైనా వాడి కోసం గురి తప్పి ఉంటుందేమో అనుకున్నాను. అది నిజం. రోజూ పొద్దున దాణా వేసి, వంగి కింద చూసేవాణ్ణి.”

“అది కాదు నేను అడిగింది డెల్మర్ గారూ.”

“తెలుసు. పద్నాలుగు నెలలైంది డాక్టరమ్మా, వాడు పోయి. వాడి పేరు ఈవిడ నోటి నుంచి విన్నది ఇవాళే.”